పార్కు మూసే వేళకు బస్సులు ఎందుకు చాలవు? మూడు బస్సుల లెక్క, కాస్త చూసి చెప్పండి

పాత కంట్రోలర్, మద్దిలపాలెం:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొదట కండక్టర్‌ని, చివరి పదకొండేళ్ళు కంట్రోలర్‌ని. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఈల ఊదుతూ ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పే పని. ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. ఎక్కడ బస్సు కనిపించినా చెయ్యి వాచీ మీదకు వెళ్తుంది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

విషయానికి వస్తాను. మన విశాఖ దాటాక, జాతీయ రహదారి నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఒక వినోద పార్కు ఉంది. పేరు ఎందుకు లెండి. రహదారి మీది బస్ స్టాపు నుంచి పార్కు గేటు దాకా మూడు అద్దె బస్సులు తిప్పుతారు. మనవడి పుట్టినరోజని ఒక ఆదివారం వెళ్ళాం. ఉదయం స్టాపులో దిగిన అయిదు నిమిషాలకే బస్సు దొరికింది. సాయంత్రం ఆరింటికి పార్కు మూశారు. మేము బస్సు ఎక్కేసరికి ఏడుంపావు. ఒక చేతిలో తడి బట్టల సంచి, భుజం మీద నిద్రపోతున్న ఆరేళ్ళ పిల్లవాడు. చుట్టూ జనం తిట్టుకుంటున్నారు. నాకు కోపం రాలేదు, ఇదేమిటో తేల్చాలనిపించింది. ఉదయం అవే మూడు బస్సులు, సాయంత్రమూ అవే మూడు. మరి ఏమైంది?

తర్వాతి ఆదివారం ఒక్కడినే వెళ్ళాను. మనవడి డ్రాయింగు పుస్తకంలో వెనుక పేజీలు నాలుగు అడిగి పుచ్చుకుని, గేటు బయట గట్టు మీద కూర్చుని రాశాను. బస్సు గేటు దగ్గర బయల్దేరి, రహదారి దాకా వెళ్ళి, మళ్ళీ గేటు దగ్గరకు వచ్చి జనాన్ని ఎక్కించుకుని కదలడానికి ఉదయం పదిహేను నిమిషాలు. అదే సాయంత్రం ఆరు తర్వాత నలభై. బస్సుకు యాభై మంది పడతారు. మూసే వేళకు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నా కంటి లెక్కకు అయిదు వందలు.

నేను రాసుకోవడం చూసి పార్కు మేనేజరు వచ్చి ఎవరు మీరని అడిగాడు. చెప్పాను. మర్యాదస్తుడే. "ఇంకో రెండు బస్సులు పెట్టాలనుకుంటున్నాం సార్, ఈలోగా మీరేమైనా సలహా ఉంటే ఒక పేజీ రాసివ్వండి" అన్నాడు. ఆ పేజీ కోసమే మీ దగ్గరకు వచ్చాను.

నాకు ఈ పిచ్చి ముదరడానికి కారణం ఇంకొకటి ఉంది. కిందటి ఏడాది ఫ్లోరిడాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్ళారు, అక్కడి హోటల్లోనే దిగాం. 1971లో తెరిచారట. మొత్తం స్థలం దాదాపు 110 చదరపు కిలోమీటర్లు, అందులో నాలుగు పెద్ద పార్కులు, లెక్కలేనన్ని హోటళ్ళు. మన కైలాసగిరి కొండ పార్కు మొత్తం 380 ఎకరాలు, ఒకటిన్నర చదరపు కిలోమీటర్లే. అంటే ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు పోవడమంటే ఇక్కడ ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి రుషికొండకు పోవడం లాంటిదే. మోకాళ్ళ నొప్పులతో క్యూలలో నిలబడలేక, పిల్లలను ఆటలకు పంపి, నేను మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు బస్ స్టాపు బెంచీ మీద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఇంత దూరం వచ్చి బస్సులు చూస్తారా అని మా ఆవిడ తల కొట్టుకుంది.

ఏం చేయను, అది నా పని. అక్కడ మోనోరైలు ఉంది, పడవలు ఉన్నాయి, ఆకాశంలో రోప్‌వే ఉంది. ఇన్ని ఉన్నా యానిమల్ కింగ్‌డమ్ అనే పార్కుకు ఇవేవీ పోవు. అక్కడికి బస్సే దిక్కు, లేదా సొంత కారు. హోటళ్ళ దగ్గర బస్ స్టాపుల్లో ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో తెర మీద పడుతుంది. కండక్టర్ లేడు, టికెట్ లేదు. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే అయినా సున్నా టికెట్ కొట్టాలి, కార్డు చూడాలి. లెక్క కోసం అది తప్పదు, కాదనను. కానీ అక్కడ బస్సు తలుపు తెరుచుకున్నాక జనం లోపలికి జారిపోవడం చూస్తే, టికెట్లు కొట్టి అరిగిపోయిన నా బొటనవేలికి అసూయ కలిగింది.

నా ప్రశ్నలు రెండు. బస్సులు మూడు నుంచి అయిదు చేస్తే ఈ పార్కు కష్టం తీరుతుందా? రెండోది, మూసే వేళకు బస్సును నిండేదాకా ఆపాలా, టైముకు వదిలేయాలా? మా రోజుల్లో దీని మీద డ్రైవర్లకూ నాకూ రోజూ గొడవే.


సాగర్‌నగర్ బుల్లోడు:

కంట్రోలర్ గారూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? బస్సులు చాలట్లేదు, పెంచాలి. మూడు చాలకపోతే అయిదు, అయిదు చాలకపోతే ఎనిమిది. పార్కువాళ్ళు తలకు వెయ్యి రూపాయలు పైన తీసుకుంటున్నారు, బస్సు అద్దె ఒక లెక్కా?

ఒక మాట ముందే చెబుతున్నాను. ఇలాంటి చర్చ మొదలైన ప్రతిసారీ చివరికి "కార్లు ఆపేయండి" దగ్గర తేలుతుంది. కారు ఉన్నవాడు ఏం పాపం చేశాడండీ? నేనూ ఆ పార్కుకు వెళ్ళాను. పార్కింగు నుంచి బయటపడడానికి నాకూ గంట పట్టింది. వెనుక సీట్లో మా చెల్లెలి కూతురు రెండుసార్లు వాంతి చేసుకుంది. బస్సువాళ్ళ కష్టం ఒక్కటే కష్టం కాదు.


ఉప్పుగాలి:

బాబాయ్ గారూ, మీ డ్రాయింగు పుస్తకంలోనే జవాబు ఉంది. రోడ్ల రద్దీ లెక్కలు వేయడమే నా ఉద్యోగం కాబట్టి చెయ్యి ఊరుకోక మీ అంకెలతో లెక్క వేశాను.

ఉదయం రౌండుకు పదిహేను నిమిషాలు అంటే ఒక్కో బస్సు గంటకు నాలుగు ట్రిప్పులు, మూడు బస్సులకు పన్నెండు. ట్రిప్పుకు యాభై మంది చొప్పున గంటకు ఆరు వందల మంది. సాయంత్రం రౌండు నలభై నిమిషాలు అయ్యేసరికి మూడు బస్సులకూ కలిపి గంటకు నాలుగున్నర ట్రిప్పులు, 225 మంది. మేనేజరు చెప్పినట్టు అయిదు బస్సులు పెట్టినా రౌండు నలభై నిమిషాలే ఉంటే ఏడున్నర ట్రిప్పులు, 375 మంది. అదీ ఆ రెండు కొత్త బస్సులూ అదే ఇరుకులో ఇరుక్కుని రౌండును నలభై అయిదు చేయకపోతే. అద్దె కట్టి మరీ ఇంకో రెండు బస్సులను అదే జామ్‌లో నిలబెట్టడం ఎందుకు? ముందు ఆ ఇరవై అయిదు నిమిషాలు ఎక్కడ పోతున్నాయో పట్టుకోండి. నా అనుమానం, పార్కింగు డబ్బులు ఎక్కడ తీసుకుంటున్నారు? లోపలికి వచ్చేటప్పుడా, బయటికి పోయేటప్పుడా?

బుల్లోడు గారూ, మీరు గంట ఆగింది కూడా అక్కడేనేమో గుర్తు చేసుకోండి. కార్లు ఆపమని నేను అనను. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కార్లు ఒకటొకటిగా వస్తాయి, అప్పుడు చీటీ రాసినా ఎవరికీ నొప్పి లేదు. సాయంత్రం అన్నీ ఒకేసారి పోతాయి. డబ్బులు తీసుకునే చోటి అడ్డకర్ర అప్పుడు దించి ఉంటే కార్లూ ఆగుతాయి, వాటి వెనుక బస్సులూ ఆగుతాయి.

నిండేదాకా ఆపాలా అన్న ప్రశ్నకు: ఉదయం, మధ్యాహ్నం టైముకు వదలండి. ఎప్పుడు వస్తుందో తెలిస్తే మనిషి నీడలో కూర్చుంటాడు. మూసే వేళకు వరుసలో అయిదు వందల మంది ఉండగా టైముకు అర్థం లేదు, నింపు, కదులు. కానీ బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రాకుండా చూసే మనిషి కావాలి. అది మీకు నేను చెప్పడమా!

వీలైతే ఇంకొకటి. పోయే దారి, వచ్చే దారి వేరు చేయగలరా? తిరుమలలో చూడండి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. కొండ మలుపుల్లో ఎదురు బండి అన్న మాటే లేదు. రామోజీ ఫిల్మ్ సిటీలోనూ మన బండి బయటే ఆగుతుంది, లోపల తిరిగేదంతా వాళ్ళ బస్సుల్లోనే.


జాజిపూలు, ఓర్లాండో:

అంకుల్, మీరు బెంచీ మీద కూర్చుని బస్సులు చూశారని చదివి నవ్వు ఆగలేదు. మాది గోపాలపట్నం. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఊరి నుంచి ఎవరు వచ్చినా డిస్నీకి నేనే తోలుకెళ్ళాలి కాబట్టి ఆ దారులన్నీ కంఠతా వచ్చు.

మీరు హోటల్లో దిగారు కాబట్టి ఒక సంగతి గమనించి ఉండరు. హోటళ్ళ బస్సులు మ్యాజిక్ కింగ్‌డమ్ వాకిలి దాకా వస్తాయి. కారులో వచ్చేవాళ్ళు రాలేరు. సరస్సుకు అవతలి ఒడ్డున కారు పెట్టి, మోనోరైలో పడవో ఎక్కి రావాలి. కార్లకూ బస్సులకూ వాకిలి దగ్గర కొట్లాట లేకుండా మొదటి నుంచీ అలాగే కట్టారు. కారువాళ్ళకు ఇది కాస్త విసుగే, రెండుసార్లు ఎక్కి దిగాలి. చంకలో పిల్లవాడితో, మడత బండితో పడవ ఎక్కినప్పుడు నేనూ విసుక్కున్నాను. కానీ వాకిలి ముందు ఒక్క హారన్ వినబడదు.

ఉప్పుగాలి గారు అడిగినది ఇక్కడ ఎలాగంటే, పార్కింగు డబ్బులు లోపలికి వచ్చేటప్పుడే. రాత్రి పోయేటప్పుడు ఎవరూ ఆపరు. పార్కింగు వరుసలకు బొమ్మల పేర్లు ఉంటాయి. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ "మన బండి సింహంపిల్ల దగ్గర" అని సింబా వరుసను గుర్తు పెట్టుకున్నారు. కారు వెతుక్కుంటూ అడ్డదిడ్డంగా తిరిగేవాళ్ళు తగ్గితే అదీ రద్దీ తగ్గినట్టే కదా.

అంకుల్ చెప్పిన ఆకాశం రోప్‌వే పేరు స్కైలైనర్, 2019 సెప్టెంబరులో మొదలైంది. మన కైలాసగిరి రోప్‌వే లాంటి పెట్టెలే గానీ వందల సంఖ్యలో ఉంటాయి. స్టేషన్లో కూడా ఆగవు, నెమ్మదిస్తాయి, నడుస్తూనే ఎక్కేయాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు పక్కన వేరే వరుస ఉంటుంది, అక్కడ పెట్టె పూర్తిగా ఆగుతుంది. వాళ్ళు నిదానంగా ఎక్కేలోపు అసలు వరుస ఆగదు. బస్సులో ఆ వీలు లేదు. డ్రైవర్ దిగి, పలక దించి, సీట్లు మడిచి, కుర్చీని పట్టీలతో కట్టేదాకా అందరూ ఆగాలి. ఆగుతారు కూడా.

మీ మేనేజరుకు పనికొచ్చేది ఒకటుంది. బాణసంచా అయ్యాక అందరం ఒకేసారి బయటికి పరుగెత్తుతాం కదా. పార్కు మూసే వేళ దాటాక కూడా వాకిలి దగ్గరి మెయిన్ స్ట్రీట్ వీధి దుకాణాలు కొంతసేపు తెరిచే ఉంచుతారు. నేను మా వాళ్ళను అక్కడే ఒక అరగంట తిప్పి, పాప్‌కార్న్ కొనిపెట్టి, అప్పుడు తీసుకెళ్తాను. వరుస సగం కరిగిపోయి ఉంటుంది. వాళ్ళకు వ్యాపారం, మాకు కాళ్ళనొప్పులు తక్కువ. మీ పార్కు సరిగ్గా ఆరింటికి లైట్లు ఆర్పేస్తోందా?


తెల్ల బస్సు డ్రైవర్:

కంట్రోలర్ గారికి నమస్కారాలు. ఆ మూడు బస్సుల్లో ఒకటి నాది. మా అబ్బాయి ఫోనులో ఇది చూపించాడు, నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు. మీరు గట్టు మీద కూర్చుని రాస్తుంటే చెకింగు వాళ్ళనుకుని ఆ రోజు ముగ్గురమూ యూనిఫారం గుండీలు పెట్టుకున్నాం.

నలభై నిమిషాలు ఎక్కడ పోతున్నాయని ఆ అమ్మ అడిగారు. నేను చెబుతాను. గేటు దగ్గర బస్సు తిప్పుకోవడానికి జాగా లేదు. వెనక్కు, ముందుకు, మళ్ళీ వెనక్కు. మలుపులో సరిగ్గా నా వెనుక చక్రం తిరిగేచోట కొబ్బరిబొండాల బండి. సాయంత్రం దాని చుట్టూ పిల్లలు. క్లీనర్ కుర్రాడు దిగి బస్సు వెనుక చేత్తో కొడుతూ "రా, రా, ఆపు" అంటుంటే నేను అద్దంలో పిల్లల తలలే చూస్తుంటాను, ఆ ఏడు నిమిషాలూ ఊపిరి తీసుకోను. తర్వాత ఒకే తలుపు. దిగేవాళ్ళు ఇద్దరు ముగ్గురే ఉన్నా ఎక్కేవాళ్ళు దిగనివ్వరు. అక్కడ ఎనిమిది నిమిషాలు.

అసలు దెబ్బ బయటి కర్ర దగ్గర. ఆ అమ్మ చెప్పిందే నిజం, పార్కింగు డబ్బులు బయటికి పోయేటప్పుడే తీసుకుంటారు. ఉండేది ఒక్క కుర్రాడు. ఒకాయన చీటీ పోయిందంటాడు, ఒకాయన అయిదు వందల నోటు ఇస్తాడు, ఇంకొకాయన ఫోనులో డబ్బు వెళ్ళిందంటాడు, కుర్రాడు రాలేదంటాడు. వాళ్ళ వెనుక నేను యాభై మందితో. పదిహేను నిమిషాలు. మిగిలిన పదీ రోడ్డు మీద.

రెండు దారుల మాట అన్నారు కదా. ఉంది. వంటశాల వెనుక సామాన్ల గేటు. ఉదయం పాల వ్యాను, గ్యాసు బండ్లు దానిలోంచే వస్తాయి. మధ్యాహ్నం నుంచి తాళం. అది మళ్ళీ ఇదే రోడ్డులో, డబ్బుల కర్ర దాటాక కలుస్తుంది. ముందు గేటులో వచ్చి, జనాన్ని ఎక్కించుకుని, ఆ గేటులోంచి పోతే రివర్సు లేదు, కర్ర లేదు. మూడేళ్ళ నుంచి చూస్తున్నాను. మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు.


సాగర్‌నగర్ బుల్లోడు:

ఒప్పుకుంటున్నాను. నేను ఆగింది ఆ కర్ర దగ్గరే. అయిదు వందల నోటు ఇచ్చిన మహానుభావుల్లో నేనూ ఒకడిని.


పాత కంట్రోలర్, మద్దిలపాలెం:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

డ్రైవర్ గారూ, గట్టు మీద నాలుగు గంటలు కూర్చుని కూడా నాకు ఆ సామాన్ల గేటు కనబడలేదు. సింహాచలం చందనోత్సవం స్పెషల్స్ వేసిన రోజుల్లో, కింద బండ్లు ఆపించి కొండ మీదకు బస్సుల్లోనే జనాన్ని పంపుతుంటే, ముందు రోజు రాత్రి డ్రైవర్లను కూర్చోబెట్టి ఎక్కడ తిప్పుకుంటారని అడిగేవాణ్ణి. ఇక్కడ మిమ్మల్ని అడగాలని తోచలేదు, అద్దె బస్సు డ్రైవరుకు ఏం తెలుస్తుందిలే అనుకున్నానేమో. తప్పు నాదే.

పేజీ రాసి ఇచ్చాను. మేనేజరు ముందుగా ఒప్పుకున్నది ఓర్లాండో అమ్మాయి సలహా. దుకాణాలు, ఐస్‌క్రీం బండి ఏడింటి దాకా తెరిచి ఉంచడానికి మారు మాట్లాడలేదు. వ్యాపారం కదా! పార్కింగు డబ్బులు ఉదయమే తీసుకోవడానికి రెండు రోజులు ఆలోచించి సరే అన్నాడు. సామాన్ల గేటుకు మాత్రం చాలా బతిమాలించుకున్నాడు. అటువైపు నుంచి టికెట్ లేకుండా జనం దూరతారని భయం. గేటు దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టి, అయిదున్నర నుంచి ఏడున్నర దాకా బస్సులకు మాత్రమే తెరిస్తే చాలన్నాక ఒప్పుకున్నాడు. కొత్త బస్సులు రెండింటి ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాడు.

కొబ్బరిబొండాల బండి మలుపు నుంచి ఇరవై అడుగులు జరిగింది. రెండో ఆదివారానికి మళ్ళీ పాత చోటికే వచ్చింది. ఆ చెట్టు నీడ వదులుకోలేనన్నాడు. బస్సులు ఇప్పుడు అటు తిరగవు కాబట్టి నేనూ ఏమీ అనలేదు, ఒక బొండం తాగి వచ్చాను.

మొన్న ఆదివారం మళ్ళీ గట్టు మీద కూర్చున్నాను. రౌండు పదిహేనుకు రాలేదు. ఒకే తలుపు సమస్య అలాగే ఉంది, రహదారి మలుపులో ఆటోలు అలాగే ఉన్నాయి. ఇరవై రెండు నిమిషాలు పడుతోంది. మూడు బస్సులకు గంటకు ఎనిమిది ట్రిప్పులు, నాలుగు వందల మంది. అయిదు బస్సులు పెట్టినా 375 అని ఉప్పుగాలి తల్లి తేల్చిన లెక్క పక్కన ఈ అంకె రాసి, కింద గీత గీశాను. ఆఖరి మనిషి బస్సు ఎక్కేసరికి ఏడూ ఇరవై. గంటకు 225 మంది పాత లెక్కన అయితే ఎనిమిది దాటేది.

తలుపు గురించి ఎవరికైనా ఉపాయం తడితే చెప్పండి. దిగేవాళ్ళను పదడుగుల ముందే దింపేసి, తర్వాత ఎక్కేవాళ్ళ వరుస దగ్గరకు బస్సు తేవచ్చా అని ఆలోచిస్తున్నాను. డ్రైవర్ గారూ, మీరేమంటారు? వచ్చే ఆదివారం కొత్త నోటుబుక్కుతో వస్తాను. డ్రాయింగు పుస్తకం మనవడు లాగేసుకున్నాడు.